రెండో చెయ్యి

జాయ్సీకి అన్నిటికన్నా పెద్ద భయం, నలుగురి మధ్య తన పేరొక్కటే విడిగా వినపడటం. చీకటికి భయపడదు. లిఫ్టుకి భయపడదు. ఆస్పత్రి కింది అంతస్తులో శవాల గది ముందు ఒంటరిగా తుడవమన్నా తుడుస్తుంది. తెల్లారి జెద్దాలో కంపెనీ క్యాంపు గేటు దగ్గర, బస్సు ఇంజను గురగురమంటుండగా సూపర్‌వైజరు అమ్మిరాజు పేర్లు చదివేటప్పుడు మాత్రం ఆమె ముందున్నవాళ్ళ వీపు వెనక్కి జరుగుతుంది. గుంపులో కలిసి వచ్చిన పేరు మామూలుగా ఆస్పత్రికి పోతుంది. ఆగి, ఊపిరి తీసుకుని, విడిగా చదివిన పేరు ఎటు పోతుందో తెలియదు. పోయిన రంజాన్ తర్వాత అలా చదివిన పేరు, ఒక బంగ్లాదేశ్ పిల్లది, యెమెన్ సరిహద్దు దగ్గరున్న నజ్రాన్‌కి పోయింది. అక్కడా ఒక ఆస్పత్రి తుడిచే కాంట్రాక్టు కంపెనీకి ఉంది. రాత్రంతా ప్రయాణం. ఆ పిల్ల ఫోను మళ్ళీ కలవలేదు. ఎందుకు కలవడం లేదని ఎవరూ అడగలేదు.

ఆ రోజు పేర్లన్నీ కలిసే వచ్చాయి. జాయ్సీ బస్సెక్కి, మహబూబ్బీ తన కోసం పట్టి ఉంచిన సీట్లో కూలబడింది.

"వచ్చిందా పానం?" అంది మహబూబ్బీ. "దినామూ ఈ గేటు కాడ చచ్చి, బస్సులో బతుకుతాండావు గదే పాపా."

మహబూబ్బీది రాయచోటి పక్క పల్లె. నలభై అయిదు దాటిన మనిషి. పొడుగ్గా ఉంటుంది. పై పళ్ళ మధ్య సందుంది, నవ్వితే ముందు ఆ సందే నవ్వుతుంది. కుడి మోకాలు అరిగిపోయి, లేచేటప్పుడు దాని మీద చెయ్యి ఆనించి "యా అల్లా" అని లేస్తుంది. నల్ల అబాయా కింద అందరిలాగే నీలం యూనిఫాం. అందరి యూనిఫాంలూ క్లోరిన్‌కీ ఎండకీ వెలిసిపోయాయి, ఆమెది మాత్రం చంకల దగ్గర ఇంకా ముదురు నీలంగానే ఉంది. ఆ క్యాంపులో ఆమె ఒక్కతే తన బట్టలు తిరగేసి ఆరేస్తుంది.

జాయ్సీది రాజోలు దగ్గర లంక. ఇరవై ఆరేళ్ళు. కొడుకు ఫిన్నీ పాలు మానగానే జెద్దా వచ్చేసింది. వాడికిప్పుడు మూడేళ్ళు దాటాయి. భర్త బ్లెస్సన్ వీడియో కాల్ కలిపి ఫోను ముందు పెడితే, వాడు తల్లి మొహాన్ని కాసేపు చూసి, "సిగ్నల్ లేదమ్మా" అని చెప్పి ఆటకి పరిగెడతాడు. పెద్దవాళ్ళ మాట పట్టేశాడు. సిగ్నల్ గీతలన్నీ నిండుగానే ఉంటాయి. జాయ్సీ ఆ ఖాళీ నులకమంచాన్నీ గోడనీ చూస్తూ, వాడు మళ్ళీ వస్తాడేమోనని ఫోను పట్టుకునే కూర్చుంటుంది.

రెండేళ్ళ కాంట్రాక్టు ఎప్పుడో అయిపోయింది. ఇంటికి పోవాలంటే కంపెనీ ఎగ్జిట్ వీసా కొట్టాలి. ఎగ్జిట్ కొట్టాలంటే ఇకామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, చెల్లుబాటులో ఉండాలి. ఇకామా కొనసాగాలంటే మనిషికింతని కంపెనీ సర్కారుకి లెవీ కట్టాలి. అది కట్టలేదు. పైగా సౌదీవాళ్ళని చాలినంతమందిని పనిలో పెట్టుకోలేదని సర్కారువారి నితాఖత్ లెక్కలో ఆ కంపెనీ ఎరుపులో పడింది. ఎరుపులో పడ్డ కంపెనీకి కొత్త ఇకామాల్లేవు, పాతవాటికి రెన్యూవల్ లేదు. అడిగితే ఆఫీసువాళ్ళు "బుక్రా" అంటారు. రేపు. ఆ రేపు ఏడాది కావస్తున్నా రాలేదు. ముప్ఫైమంది ఆడవాళ్ళు అటు పోలేక, ఇటు ఉండలేక, గేటు దాటితే పోలీసు ఆపుతాడని శుక్రవారం షరఫియా బజారుకి పోవడం కూడా మానేసి, క్యాంపుకీ ఆస్పత్రికీ మధ్య బస్సులో తిరుగుతున్నారు. జ్వరమొస్తే, తాము తుడిచే ఆస్పత్రిలో తమకే చీటీ రాయరు.

ఆ రోజు సాయంత్రం అబ్దుల్ ఘనీ వస్తున్నాడు. హైదరాబాదు మనిషి, ఏదో గోడౌనులో స్టోర్‌కీపరు. డ్యూటీ దిగాక క్యాంపులు తిరుగుతాడు, పనివాళ్ళ గోడు విని కాన్సులేటుకీ లేబర్ ఆఫీసుకీ మోస్తాడు. దానికి అతనికి ఎవరూ జీతమివ్వరు. అతన్ని ఫోన్లో పట్టుకున్నది మహబూబ్బీ. అతను ఒక్కటే చెప్పాడట: "ఒక్కరు చెప్తే సొంత తగాదా అంటరు అక్కా. కంపెనీ మనిషి ముంగట సగం క్యాంపు చెయ్యెత్తాలె. అప్పుడు లేబర్ ఆఫీసే పిలిచి అడుగుతది."

"నువ్వు షురూ చెయ్యి మబూబక్కా" అంది వెనక సీటులోంచి జగిత్యాల ముత్యవ్వ. "నీ ఎన్కనే అందరం ఉంటం."

"ఎనకాల ఉండేదానికి మీరేమన్నా పెండ్లి ఊరేగింపా మ్మే? పక్కన నిలబడండి."

బస్సంతా నవ్వింది. మహబూబ్బీ మోకాలు సర్దుకుని వెనక్కి తిరిగింది.

"మొదటి చెయ్యి నాది. దాని గురించి ఎవురూ దిగులు పడాకండి. రెండో చెయ్యి ఎవురిదో అది చెప్పండి. రెండోది లేస్తే మూడోది, నాలుగోది వాటంతట అవే లేస్తాయి. రెండోది లెయ్యకపోతే, మొదటిది పిచ్చిదాని చెయ్యి అయిపోతాది."

నవ్వు ఆగిపోయింది. ఫ్లైఓవర్ కింద తోపుడుబండిలా నెమ్మదించిన బస్సులో, అందరూ ఎదురు సీటు వీపుని చూస్తూ కూర్చున్నారు.

"నాదక్కా" అంది జాయ్సీ.

ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. ముత్యవ్వ వెనకనుంచి భుజం మీద చరిచింది. "అవ్వో! గోదారి పిల్లకు నోరొచ్చిందుల్లా!"

ఆస్పత్రిలో జాయ్సీ పని మూడో అంతస్తు. ఎర్ర బకెట్టు మరుగుదొడ్లకి, నీలం బకెట్టు వార్డుకి. మాప్‌ని నీళ్ళలో ముంచి, మరలో పెట్టి, ఒంటి బరువంతా వేసి పిండాలి. తర్వాత గోడ వారనుంచి మొదలుపెట్టి, వెనక్కి నడుస్తూ ఎనిమిది అంకె రాసినట్టు తుడవాలి. తుడిచినచోట తన అడుగు కూడా పడకూడదు. వేళ్ళ సందులు క్లోరిన్‌కి పగిలి, సాయంత్రం అన్నంలో కారం కలిపితే మండుతాయి. ఇవన్నీ నేర్చుకోవడానికి వారం పట్టింది. మొదటిరోజే నేర్పినది, ఒక్కరోజులోనే వచ్చేసినది ఒకటుంది. డాక్టర్లు రౌండుకి వచ్చినా, పెద్దమనుషులెవరు నడిచి వచ్చినా, బకెట్టు లాక్కుని గోడకి చేరాలి. వీపు గోడకి, చూపు నేలకి, చేతులు రెండూ కర్ర మీద. వాళ్ళు దాటిపోయేదాకా అలాగే ఉండాలి. ఎవరూ ఏమీ అడగరు, అడిగినా సూపర్‌వైజరే చెప్పాలి. ఇప్పుడు బూట్ల చప్పుడు వింటే చాలు, ఆలోచన రాకముందే జాయ్సీ వీపు గోడకి తగిలి ఉంటుంది.

"మనం గోడకేసిన సున్నం మాదిరి పాపా" అంటుంది మహబూబ్బీ. "రాలి బట్టకంటుకుంటే తప్ప ఎవురూ చూడరు."

రౌండు పోయాక నర్సు దయావతి సిస్టర్ మందుల ట్రాలీ సర్దుకుంటోంది. ఏలూరామె. అప్పుడప్పుడు మహబూబ్బీకి షుగరు మాత్రలు సాయం చేస్తుంది. జాయ్సీ మాప్ ఆపి, ధైర్యం కూడదీసుకుని అడిగింది.

"సిస్టర్, సాయంత్రం మా క్యాంపుకి ఘనీగారని వస్తున్నారండి. మా ఇకామాల సంగతి. మీలాంటివాళ్ళు ఒక్క మాట చెబితే…"

"నేనా?" దయావతి తలెత్తలేదు. "మీ కంపెనీ మేటర్‌లో స్టాఫ్ ఇన్వాల్వ్ అవ్వకూడదమ్మా. నా కాంట్రాక్ట్ రెన్యూవల్ కూడా ఈ మంత్‌లోనే. ఫ్యామిలీ మీద వేసిన లెవీ కట్టలేక పిల్లలిద్దర్నీ ఎగ్జిట్ మీద ఇండియా పంపించేశాను. ఇల్లు బావురుమంటోంది. నా టెన్షన్ నాది." ట్రాలీ రెండడుగులు తోసి ఆగింది. "మీరంతా ఉన్నారుగా. ఎవరో ఒకరు మాట్లాడతారులే."

మధ్యాహ్నం దుప్పట్ల గదిలో, ఉతికిన మూటల మధ్య కూర్చుని ఇద్దరూ తిన్నారు. మహబూబ్బీ షుగరు మాత్రను గోరుతో రెండు ముక్కలు చేసి, ఒకటి మింగి, ఒకటి ముసుగు అంచులో ముడేసుకుంది.

"సగమే వేసుకుంటే ఎలాగక్కా?"

"మిగతా సగం రేపటికి. రేపు నాకు రోగం ఉండదా ఏంది?"

కాసేపు తిన్నాక, అడగకుండానే చెప్పింది. "నేను ఒకప్పుడు వార్డు మెంబర్ని తెలుసునా నీకు?"

జాయ్సీ నవ్వింది. జోకనుకుంది.

"నిజం మే. ఆడోళ్ళకు రిజర్వేషన్ వచ్చె. మా మరిది నా పేరు రాయించినాడు. మా ఈది ఆడోళ్ళంతా ఓట్లు గుద్దితే గెలిచినా. ఐదేండ్లు మీటింగులకు ఆయప్పే పోయినాడు, ఇంటికొచ్చి 'ఈడ సంతకం పెట్టు వదినా' అంటాడు, పెడతా. ఒక్కతూరి మాత్రం నేను పోయినా. మా ఈదికి రావాల్సిన నీళ్ళ ట్యాంకు ఇంకో ఈదికి మళ్ళిస్తాండారు. 'అందరికీ సమ్మతమేనా?' అన్నాడు ప్రెసిడెంటు. నేను తలుపు కాడ నిలబడుకోని ఉన్నా. కాదనేదానికి వచ్చిందాన్నే. నోరు రాల్యా." డబ్బా మూత పెట్టింది. "మా ఈది ఆడోళ్ళు ఇప్పటికీ కొండ కింద బాయికి పోతాండారు. నాకు ఓటేసిన చేతులే పాపా అవి, బిందెలు మోసేవి. సర్కారు మంచిది కాదు, ప్రెసిడెంటు మంచోడు కాదు అంటాం. తలుపు కాడ నిలబడుకున్నోళ్ళ సంగతి ఎవురు చెప్పాల?"

జాయ్సీ చదువు పదో తరగతి సగంలో ఆగిపోయింది. ఎందుకు మానేశావని అడిగితే "బుర్రకెక్కలేదండి" అంటుంది. అది నిజం కాదు. వాళ్ళ బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు ఊడిపోయింది. పొద్దున వెళ్ళినవాళ్ళు సాయంత్రం దాకా బిగబట్టుకోవాలి. మగ మాస్టార్లకి చెప్పడానికి సిగ్గు. ఎవరో ఒకరు చెబుతారని పదకొండుమంది ఆడపిల్లలూ చూశారు. చూసీ చూసీ ఒక్కొక్కరే నెలకి మూడు రోజులు మానారు, తర్వాత వారం మానారు, తర్వాత పూర్తిగా మానేశారు. ఆ ఊళ్ళో ఆ ఏడాది ఆరు పెళ్ళిళ్ళయ్యాయి. ఒక్క మాట, ఒక్క తలుపు. జాయ్సీ అప్పుడప్పుడు నేల తుడుస్తూ ఆ తలుపు గురించి ఆలోచిస్తుంది.

సాయంత్రం క్యాంపు భోజనాల హాల్లో బల్లలు పక్కకి జరిపారు. ముప్ఫైమందీ అబాయాలు తీసేసి, మొహాలు కడుక్కుని, మధ్యలో కూర్చున్నారు. ముత్యవ్వ చేతులు పైకెత్తి చూపించి, "గిట్ల ఎత్తాలె, పూజారి హారతిచ్చినట్టు కాదు" అని అందరినీ నవ్విస్తోంది. జాయ్సీ కూడా నవ్వింది. చెయ్యి ఎత్తడం ఎంతసేపు? ఇంట్లో అటక మీద డబ్బా తీసినంతసేపు. బ్లెస్సన్‌కి పొద్దున మెసేజ్ పెట్టింది: "ఈ రోజు ఒక మంచి పని చేస్తున్నాను, ప్రార్థన చేయండి." అతను చేతులు జోడించిన బొమ్మ పంపాడు.

అప్పుడు వరండాలో బూట్ల చప్పుడు వినపడింది.

ముందు వస్తున్న అబ్దుల్ ఘనీవి చెప్పులు. ఆ బూట్లు కంపెనీ మేనేజరువి. వెనక అమ్మిరాజు, ఫైలు గుండెలకి పెట్టుకుని. చప్పుడు దగ్గరయ్యేకొద్దీ హాల్లో ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ఒక కదలిక పుట్టింది. ముందు చివరి వరస లేచింది. తర్వాత మధ్య వరస. తలుపు తెరుచుకునేసరికి ఇరవై తొమ్మిదిమంది గోడల వెంబడి నిలబడి ఉన్నారు. వీపులు గోడకి, చూపులు నేలకి. పట్టుకోవడానికి కర్రల్లేక చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. హాలు మధ్యలో మహబూబ్బీ ఒక్కతే, మోకాలి మీద చెయ్యి ఆనించి లేస్తోంది.

ఘనీ చుట్టూ చూశాడు. నుదురు తుడుచుకున్నాడు.

"అమ్మా, భయపడకుండ్రి. నేను మీ మనిషినే. ఇకామా లేక ఇంటికి పోలేకుంట ఎవరెవరున్నరు? ఉన్నోళ్ళు చెయ్యెత్తుండ్రి. గంతే."

మహబూబ్బీ చెయ్యెత్తింది. మోచెయ్యి వంచకుండా, పూర్తిగా. ఉర్దూలో మేనేజరుకి వినపడేలా చెప్పింది: కాంట్రాక్టు అయిపోయిందనీ, ఇకామా లేదనీ, జబ్బు చేస్తే మందు లేదనీ, ఇంటికి పంపమని అడుగుతున్నామనీ. 'నేను' అనలేదు. ప్రతిసారీ 'మేము' అంది.

"షుక్రియా అక్కా" అన్నాడు ఘనీ. "ఇంకెవరు?"

జాయ్సీ చెయ్యి బరువెక్కింది. ఎత్తాలనే ఉంది. ముత్యవ్వ ఎత్తితే ఆ వెంటనే ఎత్తవచ్చు అనుకుంది. ఓరగా చూస్తే ముత్యవ్వ తననే చూస్తోంది. మేనేజరు ఒక్కొక్క మొహాన్నీ చూసుకుంటూ వస్తున్నాడు. ఆ చూపు తన మీదికి వచ్చినప్పుడు, అమ్మిరాజు గొంతులో తన పేరు విడిగా వినపడినట్టయింది. జాయ్సీ. నజ్రాన్. కలవని ఫోను. అటుపక్క ఫిన్నీ.

"ఇంకెవరున్నరమ్మా? ఇంకొక్కరు?"

మహబూబ్బీ చెయ్యి దించలేదు, వెనక్కి తిరగనూ లేదు. ఒక్కసారి తిరిగి చూసి ఉంటే జాయ్సీ ఎత్తి ఉండేదేమో. చూస్తే, రెండో చెయ్యి ఎవరిదని మాటైందో మేనేజరుకి తెలిసిపోతుంది. అందుకే ఆమె ఎదురుగోడని చూస్తూ అలాగే నిలబడింది. కాసేపటికి ఆ చేతికి ఎడం చెయ్యి ఆసరా పెట్టుకుంది. పొద్దుటినుంచి మాప్ పిండిన చెయ్యి.

"ఒక్కటే కంప్లయింట్" అన్నాడు మేనేజరు ఇంగ్లీషులో, నవ్వుతూ.

ఘనీ మహబూబ్బీ వివరాలు అడిగి రాసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి మళ్ళీ ఒకసారి అందరినీ చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

వాళ్ళు వెళ్ళాక హాల్లో అందరికీ ఒకేసారి నోళ్ళు వచ్చాయి. "నువ్వెత్తుతవనుకున్న." "నువ్వెత్తలేదనే నేనాగాను." "ఆ మేనేజరు గట్ల చూడవట్టె." జాయ్సీని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. మహబూబ్బీ వంటింట్లోకి పోయి టీ పెట్టుకుంది.

దీపాలు పెట్టే వేళకి అమ్మిరాజు వచ్చాడు. గేటు దగ్గర వ్యాను ఆగి ఉంది. కాగితం ఉంది చేతిలో, దానిమీద పేరు ఒక్కటే. "మహబూబ్బీ, నజ్రాన్" అని చదివి, గొంతు తగ్గించాడు. "నన్నేం చెయ్యమంటారు? పైనుంచొచ్చింది. నా ఇకామా కూడా ఆళ్ళ చేతిలోనే ఉందండి."

ఆమె సామాను సర్దుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒక సంచీ, ఒక దుప్పటి. జాయ్సీ మంచం అంచున నిలబడి ఉంది.

"అక్కా, నేను…"

"ఊరుకో. నజ్రాన్‌లో ద్రాక్ష తోటలుంటాయంట మే. తిని షుగరు పెంచుకుంటా" అంది మహబూబ్బీ. పళ్ళ సందు కనపడింది, కళ్ళు మాత్రం నవ్వలేదు. చెప్పులు వేసుకుంటూ, ఇంకెవరికీ వినపడకుండా అంది: "నీ మీద నాకు కోపం ల్యా. నేను ఐదేండ్లు తలుపు కాడ నిలబడుకున్నదాన్నే. కానీ పాపా, నీకు ఐదేండ్లు పట్టనియ్యాకు."

వ్యాను తలుపు మూసిన చప్పుడు వినపడ్డాక జాయ్సీ పరిగెత్తింది. తలమీద ముసుగు లేకుండా, చెప్పులు లేకుండా గేటు దాకా పోయి, ఇనుప ఊచల మధ్యనుంచి చెయ్యెత్తింది.

"సార్! అమ్మిరాజుగారండీ! నేనూ ఉన్నానండి! నా పేరు కూడా రాయండి!"

ఎర్ర దీపాలు మలుపు తిరిగిపోయాయి. అమ్మిరాజు ఆమెవైపు జాలిగా చూశాడు.

"ఇప్పుడెత్తి ఏం లాభం తల్లీ? చూసేవోళ్ళు వెళ్ళిపోయారు. లోపలికెళ్ళు."

మహబూబ్బీ ఫోను ఆ రాత్రి మోగింది, ఎత్తలేదు. మర్నాటినుంచి మోగడం మానేసింది. జాయ్సీ అబ్దుల్ ఘనీకి ఫోను చేసింది. "కంపెనీని అడిగితే 'ఉన్నది, మంచిగున్నది' అంటరమ్మా" అన్నాడతను. "ఎవరన్న పోయి కండ్లతోని చూసి చెప్పాలె. ఆ దిక్కు నాకు మనుషుల్లేరు. నువ్వూ అడుగు." అప్పటినుంచి జాయ్సీ అడుగుతూనే ఉంది. దయావతి సిస్టర్‌ని అడిగింది, అంబులెన్సు డ్రైవర్లని అడిగింది, రోగుల కోసం నజ్రాన్ వైపునుంచి వచ్చిన చుట్టాలని సైగలతో అడిగింది. ఒకరోజు రౌండు మధ్యలో డాక్టర్నే అడిగింది. గోడనుంచి వీపు తీసి, తలెత్తి అడిగింది. ఎవరూ ఆమెని ఏమీ చేయలేదు. ఎవరూ ఏమీ చెప్పనూ లేదు.

మీలో ఎవరైనా నజ్రాన్‌లో ఉంటే, ఆ దారిన పోయేవాళ్ళు తెలిసి ఉంటే, అక్కడి ఆస్పత్రులు తుడిచే ఆడవాళ్ళలో రాయచోటి మహబూబ్బీ ఉందేమో ఒక్కసారి కనుక్కోండి. ఇంకెవరో ఈపాటికి అడిగే ఉంటారులే అనుకోకండి. మాత్రలు ఉన్నాయా అని అడగండి. వారం కావస్తోంది. వెళ్ళిన రోజు పొద్దున, మర్నాడు తన వంట వంతని ఆమె నానబోసిన శనగలు క్యాంపు వంటింటి కిటికీలో స్టీలు గిన్నెలో అలాగే ఉన్నాయి. నీళ్ళు నురగెక్కి వాసనొస్తున్నాయి. ఎవరో ఒకరు పారబోస్తారని, అందరూ ఆ గిన్నెని చూస్తూనే దాటిపోతున్నారు.